డైమండు, వజ్రం, రవ్వ

(కల్లూరులో చేసిన సి.పి. బ్రౌన్ స్మారకోపన్యాసం ముద్రిత పాఠం)

ఇంగ్లీషు నిఘంటువుల్లో గోల్కొండ అనే మాట ఉంది. కోట పేరుగా కాదు, మామూలు నామవాచకంగా. తరగని సంపద, సిరుల గని అని దాని అర్థం. ఒకడికి పెద్ద లాభం తెచ్చే వ్యాపారమేదైనా చిక్కితే అది వాడి గోల్కొండ. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక ఊరికి ఈ పేరుంది, నెవాడా రాష్ట్రంలో ఇంకో ఊరికీ ఉంది. హైదరాబాదు ముఖం చూడని వాళ్లు కూడా ఆ మాటను నోటితో పలుకుతూ వచ్చారన్నమాట.

చిక్కేమిటంటే గోల్కొండ కొండలో వజ్రాలు పుట్టలేదు. అది సంత. రాళ్లను తూచి, బేరమాడి, సానపట్టి, మచిలీపట్నం ఓడరేవుకో సూరతుకో పంపిన అంగడి. రాళ్లు పుట్టింది కృష్ణ ఒడ్డున కొల్లూరులో, ఇటు కర్నూలు, కడప, అనంతపురం సీమల గరుగు నేలల్లో. ఆ కొల్లూరు వేరు, మన కల్లూరు వేరు. పల్నాటి వైపు ఉన్న ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. హంద్రి ఒడ్డున కర్నూలులో కలిసిపోయిన మన కల్లూరు భద్రంగానే ఉంది. పేరులోని కల్లు తాగే కల్లా, సన్నికల్లులోనూ కల్లుప్పులోనూ ఉన్న రాతి కల్లా అన్న తగవు మాత్రం తెగదు. ఈ పూట మాట రాళ్ల గురించి కాబట్టి రెండోదే అనుకుంటే సభకు ఇబ్బంది లేదు.

ఇంగ్లీషువాడి నోట డైమండు, పండితుడి నోట వజ్రం, ఇంట్లో ఆడవాళ్ల నోట రవ్వ: ఒకే రాయికి మూడు పేర్లు. ఈ ఉపన్యాసం ఆ మూడింటి గురించి.

బ్రౌన్ పేరిట జరిగే సభలో వజ్రాల ముచ్చట ఎందుకని ఎవరికైనా తోచవచ్చు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో ఉద్యోగానికి వచ్చాడు. తెలుగు నేర్చుకున్నదీ, బంగళా తోటలో పండితులను పెట్టుకొని తాళపత్రాలు ఎత్తిరాయించిందీ, వేమన పద్యాలను వెతికి పట్టుకున్నదీ ఆ తర్వాతి కథ. 1852లో అచ్చయిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు గొప్పతనం కావ్యాల మాటలతో పాటు బజారు మాటలకూ చోటివ్వడంలో ఉంది. అప్పటి పండితులలో చాలామందికి వాడుక మాట అంటే చిన్నచూపు. ఆయనకు అది లేదు. ఒక మాటను ఎవరు అంటారు, ఏ పని చేస్తూ అంటారు అని వెతికే బుద్ధి ఆయనది. ఈ మూడు మాటలను ఆ బుద్ధితో చూస్తే, ఒక్కో పేరు వెనక ఒక్కో రకం మనిషి కనిపిస్తాడు. తవ్వినవాడు పెట్టిన పేరు వేరు, అమ్మినవాడు పెట్టిన పేరు వేరు. ఎన్నడూ చూడకుండా కథలు విన్నవాడు పెట్టిన పేరు ఈ రెంటికీ దూరం.

డైమండు మూడో రకం పేరు.

దాని మూలం గ్రీకు భాషలోని అదమాస్. మచ్చిక చేయలేనిది, లొంగనిది అని అర్థం. మొదట్లో అది వజ్రానికి పేరే కాదు. ప్రాచీన గ్రీకు కవి హెసియోదు కథలో క్రోనస్ దేవుడి చేతి కొడవలి ఈ లొంగని లోహంతో చేసిందే. ఉక్కు లాంటిదేదో వాళ్ల ఊహలో ఉండేది. తూర్పు దేశాల వర్తకుల ద్వారా అసలు రాయి పడమటికి చేరాక ఈ పేరు దానికి తగులుకుంది. లాటిన్‌లో కాస్త వంకర తిరిగి, ఫ్రెంచిలో దియమాఁ అయి, 14వ శతాబ్దానికి ఇంగ్లీషులో డైమండుగా స్థిరపడింది. పాత రూపం కూడా చావలేదు. పట్టిన పట్టు విడవని మనిషిని ఇంగ్లీషులో అడమంట్ అంటారు. ఫ్రెంచివాళ్లు అయస్కాంతాన్ని ఎమాఁ అంటారు, అదీ ఈ ఇంటి పిల్లే. మధ్యయుగాల్లో లొంగని రాయికీ లాక్కునే రాయికీ మధ్య జనం గందరగోళపడ్డారు. అరబ్బీ, పారసీక భాషల అల్మాస్ కూడా గ్రీకు మాట మారువేషమే.

చూడనివాడు పెట్టిన పేరు కాబట్టి కట్టుకథలు దాని చుట్టూ మూగాయి. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, ఈ రాయిని దాగలి మీద పెట్టి కొడితే సుత్తే పగులుతుందని రాశాడు. లొంగదీయాలంటే వేడివేడి మేకనెత్తురులో నానబెట్టాలట. సీమలో రాళ్లేరిన ఏ కూలీని అడిగినా నవ్వేవాడు. వజ్రం గీతకు లొంగదు, దెబ్బకు లొంగుతుంది. దాని లోపలి పొరల దిశ చూసి సరిగా కొడితే రెండు చెక్కలవుతుంది. పనివాళ్లు రాయిని చీల్చే పద్ధతే అది. లొంగనిది అన్న పేరు సగమే నిజం.

మన వజ్రం మాటకు పుట్టుక ఆకాశంలో. ఇంద్రుడి చేతి ఆయుధం, దధీచి వెన్నెముకతో చేసినది, పిడుగు. వేదకాలంలో వజ్రమంటే ఆయుధమే, రాయి కాదు. రాయికి ఆ పేరు తర్వాత వచ్చింది. గ్రీకులు దేవుడి కొడవలి చేసిన లోహం పేరు రాయికి పెట్టారు, మనవాళ్లు దేవుడి ఆయుధం పేరు రాయికి పెట్టారు. ఒకరిని చూసి ఒకరు పెట్టారనడానికి ఆధారాల్లేవు. అంత గట్టి వస్తువును చూస్తే మనిషికి ముందు ఆయుధం గుర్తొస్తుంది కాబోలు.

వజ్రం బౌద్ధంతో కలిసి దూరదేశాలు తిరిగింది. మహాయాన బౌద్ధుల వజ్రచ్ఛేదిక సూత్రం చైనా భాషలోకి వెళ్లింది. తున్‌హువాంగ్ గుహల్లో దొరికిన దాని ప్రతి 868లో అచ్చయింది. తేదీ వేసి ఉన్న అచ్చు పుస్తకాల్లో ప్రపంచంలో అంతకు ముందరిది దొరకలేదు. టిబెట్టులో వజ్రం దోర్జే అయింది, డార్జిలింగు పేరు మొదట్లో ఉన్నది ఆ దోర్జేయే. వరాహమిహిరుడి బృహత్సంహితలో గుడి గోడలకు పూసే గట్టి లేపనం ఒకటుంది, దాని పేరు వజ్రలేపం. తమిళ వడ్రంగులు కాచి పూసే జిగురు వజ్జిరం. తెలుగులో ఈ మాట ఇంకా కొత్త ఉద్యోగాలు చేస్తూనే ఉంది. ఆంజనేయుడి శరీరం వజ్రకాయం, మోకాళ్ల మీద కూర్చుంటే వజ్రాసనం, ఊరేగింపులో అల్లరి రేగితే పోలీసులు దింపేది వజ్ర వాహనం. వీటిలో దేంట్లోనూ మెరుపు లేదు, ధర లేదు. గట్టితనం ఒక్కటే ఉంది.

రవ్వ అలాంటిది కాదు. ఆ మాటకు పురాణం లేదు, గట్టితనం ఊసు లేదు. అది చిన్నదాని పేరు. ఉప్మాకు పోసేది రవ్వ, కొలిమిలో లేచేది నిప్పురవ్వ, కొంచెం ఆగమనడానికి రవ్వంతసేపు. వీటన్నిటి మూలం ఒకటేనా అన్న వాదన పండితులకు వదిలేసినా, తెలుగు చెవికి ఇవి ఒక కుటుంబం లాగే వినిపిస్తాయి. పెళ్లిళ్లలో ఎవరూ వజ్రపు దుద్దులు అనరు. రవ్వల దుద్దులు, రవ్వల ముక్కుపుడక, రవ్వల గాజులు అంటారు. కొంతమంది ఒంటిరవ్వ ముక్కుపుడక అంటారు, అందులో రాయి నిజంగా రవ్వంతే ఉంటుంది. రాజుల కిరీటంలో ఉన్నది వజ్రం. చెవికీ ముక్కుకీ పెట్టుకున్నది రవ్వ.

ఈ పేరు మట్టిలో చేయి పెట్టినవాడు పెట్టిందని నమ్మడానికి కారణాలున్నాయి. వాన కడిగిన నేల మీద, వాగు ఒడ్డు ఇసుకలో దొరికేది చాలావరకు గింజంత రాయే. కోహినూరు లాంటివి శతాబ్దానికి ఒకటి. చూడనివాడికి వజ్రమంటే ముందు దాని గట్టితనం. రోజూ ఏరేవాడికి ముందు దాని చిన్నతనం, కంటికి చిక్కే ఆ ఒక్క మెరుపు. నిప్పులోనూ ఇసుకలోనూ ఆ రెండూ ఉన్నాయి.

బనగానపల్లె దగ్గర రవ్వలకొండ ఉంది. గరిమిరెడ్డి అచ్చమ్మ గారి పశువులు కాస్తూ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి అక్కడి గుహలో కాలజ్ఞానం రాశారని జనం నమ్మకం. దాని పేరులో ఉన్న రవ్వ గురించి భక్తులు పెద్దగా మాట్లాడుకోరు. కానీ ఆ చుట్టుపక్కల నేలలో వజ్రాల కోసం తరతరాలు తవ్వారు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు రాతి పొరల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. అప్పటి నుంచి కడప, కర్నూలు పేర్లు భూగర్భశాస్త్రంలో పారిభాషిక పదాలయ్యాయి. కర్నూలు పొరల్లో అట్టడుగుదానికి బనగానపల్లె పేరే పెట్టారు. గులకరాళ్లు కలిసి గడ్డకట్టిన ఆ పొరలోనే వజ్రాలు ఉంటాయి. బనగానపల్లె అనగానే అందరికీ గుర్తొచ్చేది మామిడిపండు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ మామిడిచెట్ల వేళ్ల కింద ఏముందో ఆ ఊరి రాతిపొర పేరు తెలిసినవాడికే తెలుసు.

ఇక తవ్వినవాడికీ అమ్మినవాడికీ మధ్య దూరం ఎంతో చూడాలి. దానికి సాక్షి ఫ్రెంచి రత్నవర్తకుడు జాఁ బాప్తిస్త్ తావెర్నియే. 17వ శతాబ్దంలో ఆరుసార్లు తూర్పు దేశాలు తిరిగి, 1676లో తన ప్రయాణాల పుస్తకం అచ్చువేయించాడు. గోల్కొండ నుంచి ఐదు రోజుల ప్రయాణంలో రావుల్కొండ అనే గని ఉందని, అది బీజాపూరు సుల్తాను ఏలుబడిలో ఉందని రాశాడు. కొందరు పండితులు అది కర్నూలుకు దక్షిణాన వెల్దుర్తి పక్కనున్న రామళ్లకోటే అన్నారు. మరికొందరు రాయచూరు వైపు వెతికారు. ఎక్కడైనా కానీ, ఆయన కంటపడినవి ఈ సీమకు కొత్తకాని దృశ్యాలే.

ఊరి నడుమ చెట్టు కింద పదేళ్ల నుంచి పదిహేను పదహారేళ్ల పిల్లలు వరసగా కూర్చుంటారట. వర్తకుల పిల్లలు. ఒక పక్కన నడుముకు తూనికరాళ్ల సంచి, ఇంకో పక్కన డబ్బు సంచి. ఒక్కొక్కడి సంచిలో 500, 600 బంగారు వరహాలు కూడా ఉంటాయి. ఎవరైనా రాయి తెస్తే అందరిలో పెద్దవాడి చేతికి ఇస్తారు. అతను చూసి పక్కవాడికి ఇస్తాడు. మాటాపలుకు లేకుండా రాయి చుట్టూ తిరిగి మళ్లీ అతని దగ్గరికే వస్తుంది. అప్పుడు బేరం. సాయంత్రం అన్నీ పోగేసి రకాలుగా విడదీసి పెద్ద వర్తకులకు అమ్మి, లాభం పంచుకుంటారు.

పెద్దవాళ్ల బేరం ఇంకా నిశ్శబ్దం. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని నడుముకు కట్టిన గుడ్డ కొంగు కింద చేతులు కలుపుతారు. మొత్తం చెయ్యి పట్టుకుంటే వెయ్యి. అయిదు వేళ్లు నొక్కితే అయిదు వందలు, ఒక వేలు నొక్కితే వంద. వేలి నడిమి కణుపు దాకా అయితే యాభై, కొన కణుపు అయితే పది. చుట్టూ ఎంతమంది ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. సీమ పశువుల సంతల్లో తువ్వాలు కింద వేళ్లు పట్టి బేరమాడే దళారులను చూసినవాళ్లకు తావెర్నియే రాసింది వింతగా తోచదు.

ఆ పేజీల్లోనే ఇంకో లెక్క ఉంది. గనిలో పనిచేసే మనిషికి, అదీ పని బాగా తెలిసినవాడికి, ఏడాదికి 3 వరహాలు కూలి. చెట్టు కింద కూర్చున్న పిల్లవాడి సంచిలోని 600 వరహాలు ఆ కూలీ 200 ఏళ్లు పనిచేస్తే వచ్చే డబ్బు. అందుకే రాళ్లు దాచేవారు. 50 మంది పనివాళ్ల మీద 12 నుంచి 15 మంది కాపలా. ఒంటి మీద గోచీ తప్ప గుడ్డ లేదు కాబట్టి రాయిని మింగేవారు. ఒకడు కంటి కొలికిలో రాయి దోపుకొని పట్టుబడ్డాడట.

రాయి ఖరీదుకూ తవ్వినవాడి కూలికీ ఉన్న దూరం తర్వాత ఇంకా పెరిగింది. మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702లో 410 క్యారట్ల ముడి రాయిని 48,000 వరహాలకు కొన్నాడు. పాత కూలి లెక్కన అది ఒక మనిషికి 16,000 ఏళ్ల జీతం. దాన్ని 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మాడు. రీజెంట్ అనే పేరుతో అది ఇప్పటికీ పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. గనిలో పనిచేసే బానిస ఒకడు దాన్ని కాలి గాయంలో దాచి బయటికి తెచ్చాడనీ, ఓడ కప్తాను వాడిని చంపి రాయి కాజేశాడనీ ఒక కథ ఉంది. కథ నిజమో కాదో తేల్చలేం. పిట్‌కు లండన్‌లో డైమండ్ పిట్ అనే పేరు మిగిలింది. ఆ బానిసకు కథలో కూడా పేరు లేదు.

అమ్మేవాళ్ల భాషలో మనకు దగ్గరి మాట నీరు. రాయి లోపలి తేటదనాన్ని అరబ్బులూ పారసీకులూ నీరు అనే మాటతోనే చెప్పేవారు. ఆ వాడుక ఐరోపాకు పోయింది. ఇంగ్లీషులో మొదటి నీటి వజ్రం అంటే లోపం లేని మేలిరకం. తర్వాత అది మనుషులకూ పాకింది, మొదటి నీటి పండితుడన్నారు, మొదటి నీటి మూర్ఖుడని కూడా అన్నారు. ఐరోపాలో రాయి నీటిని పగటి వెలుగులో చూస్తారు, ఇక్కడివాళ్లు రాత్రిపూట చూస్తారని తావెర్నియే ఆశ్చర్యపోయాడు. గోడలో అడుగు పొడవూ వెడల్పూ ఉన్న గూడు, అందులో లావు వత్తి దీపం, దాని ముందు వేళ్ల మధ్య రాయి. నీలి ఛాయ పట్టాలంటే మాత్రం గుబురుగా ఉన్న చెట్టు నీడకు తీసుకుపోతారు. పచ్చని నీడలో నీలం బయటపడుతుంది. నీటి కోసం ఆకాశం వైపు చూసే సీమలో రాయికి నీరు వెతికే నిపుణులు ఉన్నారంటే దీనికి వ్యాఖ్య అక్కర్లేదు.

తూకం మాటలూ ఈ దారినే పోయాయి. క్యారట్ అంటే అసలు గ్రీకు నేలల్లో పెరిగే కారబ్ చెట్టు గింజ. మన దగ్గర వజ్రాలను మంజాడి గింజతో తూచేవారు. ఆ మంజాడినే పోర్చుగీసులు మంజెలీ అన్నారు, ఇంగ్లీషు పుస్తకాల్లో మాంజెలిన్ అయింది. విజయనగరం చూసిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, వజ్రాల గనులను అడపనాయకుడనే పెద్దమనిషి ఏడాదికి 40,000 వరహాల గుత్తకు తీసుకున్నాడని రాశాడు. 20 మంజెలీలు మించిన రాయి ఏదైనా రాయలకే ఇవ్వాలి, చిన్నవి గుత్తదారు ఉంచుకోవచ్చు. ఆ గనులు గుత్తి, వజ్రకరూరు వైపువై ఉండవచ్చని చరిత్రకారుల ఊహ. పెద్ద వజ్రం రాజుది, చిన్న రవ్వ మనది అన్న లెక్క అంత పాతది. 1907లో అంతర్జాతీయంగా క్యారట్‌ను 200 మిల్లీగ్రాములుగా నిర్ణయించాక మంజాడి పిల్లలు ఆడుకునే గింజగా మిగిలింది.

జాతీయాల దగ్గరికి వచ్చేసరికి ఒక విడ్డూరం ఎదురవుతుంది. పైకి మోటుగా ఉన్నా లోపల మంచి సరుకున్న మనిషిని ఇంగ్లీషువాడు సానపట్టని డైమండు అంటాడు. తెలుగువాడు మట్టిలో మాణిక్యం అంటాడు. మన మట్టిలో ఉన్నది వజ్రం. మాణిక్యానికి పేరున్న నేలలు బర్మా, సింహళం. చేనులో వజ్రం పెట్టుకొని మాణిక్యం మాట ఎందుకు పట్టుకున్నాం? మ-కారాల పొత్తు ఒక కారణం కావచ్చు, చెవికి ఇంపైన మాట నిజాన్ని తోసేసి నిలబడటం భాషలో కొత్త కాదు. దొరికిన రాయి ఊళ్లో ఉండకపోవడం ఇంకో కారణం కావచ్చు. మెరుగుపెట్టిన వజ్రాన్ని చూసిన పల్లెవాడు ఎంతమంది? వజ్రంతోనే వజ్రాన్ని కొయ్యాలి అనే మాట రెండు భాషల్లోనూ ఉంది. ఇంగ్లీషులో అది ఇద్దరు గట్టి జిత్తులమారుల పోటీకి వాడతారు. సీమ రైతు మాత్రం ఆ చోట వాడేది ముల్లును ముల్లుతోనే తియ్యాలన్న మాట. తుమ్మముల్లు ఆయనకు రోజూ కనబడే వస్తువు.

డైమండు అనే ఇంగ్లీషు మాట తెలుగు పల్లెల్లోకి ఎప్పుడు, ఎలా వచ్చింది? బంగారం దుకాణాల ద్వారా అనుకుంటే పొరపాటు. పేకముక్కల ద్వారా వచ్చి ఉండాలి. ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను. ఆఠీను, కళావరు డచ్చివాళ్ల నోటి నుంచి వచ్చిన మాటలంటారు, మచిలీపట్నంలోనూ పులికాటులోనూ వాళ్ల కోఠీలు ఉండేవి. డైమను మాత్రం ఇంగ్లీషుదే. ఎర్రటి ఆ నాలుగు మూలల గుర్తు ఫ్రెంచివాడికి గచ్చుపలక, హిందీవాడికి ఇటుక, ఇంగ్లీషువాడికి మాత్రమే వజ్రం. అందరూ ఒకే బొమ్మ చూశారు, ఒకరు ఇల్లు కట్టుకున్నారు, ఒకరు నగ చేయించుకున్నారు. జన్మలో రవ్వ కొనని మనిషి రచ్చబండ మీద డైమను రాణిని నేల మీద కొట్టి ఎన్నోసార్లు గెలిచి ఉంటాడు. ఇప్పుడు వంటింట్లో కూడా ఆ ఆకారమే డైమండు. మైదాపిండి వత్తి కోణాలుగా కోసి వేయించిన బిస్కెట్లకు డైమండు చిప్స్ అని పేరు.

వజ్రోత్సవం అనే మాట డైమండ్ జూబిలీకి తెలుగు. విక్టోరియా రాణి 1897లో గద్దెనెక్కి 60 ఏళ్లయిన పండుగకు ఆ పేరు పెట్టుకుంది. అంతకు ముందు డైమండు 75వ ఏటి పేరు. ఆ తర్వాత లోకం రెండుగా చీలింది. తెలుగు సినిమా 2007లో 75 ఏళ్లకు వజ్రోత్సవం చేసుకుంది. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లయినప్పుడు, 2022లో, తెలంగాణ ప్రభుత్వం వజ్రోత్సవాలంది, ఢిల్లీ అమృతోత్సవమంది. బడులూ సంఘాలూ 60కీ వజ్రోత్సవమే అంటాయి. ఆహ్వానపత్రం చేతికొచ్చాక ఏళ్లు లెక్కపెట్టుకోవడమే దారి.

గోల్కొండ పేరు ఇంగ్లీషులోకి పోయినందుకు ప్రతిగా ఒక పరాయి గని పేరు మన ఇళ్లలోకి వచ్చింది. అమ్మమ్మల తరం ఆడవాళ్లు నగల గురించి మాట్లాడుకునేటప్పుడు బ్లూ జాగర్ అనేవారు. అవి బ్లూ జాగర్ రవ్వలమ్మా, మామూలువి కావు అని. ఆ జాగర్ దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫోంటైన్ గని. అక్కడ 1870లో వజ్రాలు బయటపడ్డాయి. మరుసటి ఏడు అదే దేశంలో కింబర్లీ తవ్వకం మొదలైంది. వజ్రాన్ని భూగర్భం నుంచి పైకి మోసుకొచ్చే రాతికి కింబర్లైట్ అని పేరు ఆ ఊరి మీదే వచ్చింది. మన వజ్రకరూరులో ఉన్నదీ ఆ రాయే. వజ్రకరూరులో జనం శతాబ్దాలుగా వజ్రాలు ఏరుకుంటున్నారు, ఊరు తన పేరులోనే వజ్రం పెట్టుకుంది. అయినా శాస్త్రం పుస్తకంలో దాని రాతికి ఉన్నది ఆఫ్రికా ఊరి పేరు, ఆ ఊరికి ఉన్నది ఇంగ్లండు ప్రభువు పేరు. పేర్లు పెట్టే పని ఎవరి చేతిలో ఉంటే రాయి వాళ్లదే.

18వ శతాబ్దం మొదట్లో బ్రెజిల్‌లో వజ్రాలు దొరకడంతోనే మన గనుల వైభవం తగ్గుముఖం పట్టింది, ఆఫ్రికా దెబ్బతో పూర్తిగా మసకబారింది. రాశి పెరిగితే ధర పడుతుంది కాబట్టి కోరిక పెంచాల్సి వచ్చింది. వజ్రం శాశ్వతం అనే అర్థం వచ్చే ప్రసిద్ధ ప్రకటన మాటను 1947లో డి బీర్స్ కంపెనీ కోసం ఫ్రాన్సిస్ జెరెటీ అనే ప్రకటనల రచయిత్రి రాసింది. లొంగనిది అన్న పాత గ్రీకు అర్థం అలా పెళ్లి ఉంగరంలోకి వచ్చి కూర్చుంది. తెలుగు పెళ్లికి తాళిబొట్టూ మెట్టెలూ ఉన్నాయి, ఉంగరం మన దగ్గర బిందెలో వెతుక్కునే ఆట వస్తువు. అయినా ఇప్పుడు నిశ్చితార్థానికి డైమండు రింగు అడుగుతున్నారు. డబ్బు చాలనివాళ్లకు అమెరికన్ డైమండు ఉంది, వన్‌గ్రామ్ గోల్డ్ దుకాణాల్లో ఏడీ రాళ్లు అంటారు. అది వజ్రమూ కాదు, అమెరికాదీ కాదు. దాన్ని పెద్దఎత్తున తయారుచేసే పద్ధతి 1970ల్లో సోవియట్ దేశంలో కుదిరింది.

ఇక ఈనాటి సంగతి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చుట్టుపక్కల ఎర్రనేలల్లోకి జనం దిగుతారు. ఇతర జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి కూడా వస్తారు. చెట్ల కింద మకాం, తలొంచుకొని నడక. వాన మట్టిని కడిగితే రాయి పైకి తేలుతుందని, ఎండ ఏటవాలుగా పడే వేళ మెరుపు తెలుస్తుందని వాళ్ల అనుభవం. శెనక్కాయ విత్తనం వేసుకోవాల్సిన రైతు చేను తొక్కవద్దని గొడవపడతాడు. రాయి దొరికితే వ్యాపారులు గుట్టుగా కొంటారు. నగదుతో పాటు తులాల లెక్కన బంగారం కూడా ఇచ్చారని ఏటా పత్రికల్లో వార్త. రాయి బరువెంత, నీరెలాంటిది అన్నది వార్తలో అరుదుగా ఉంటుంది. ధర కూడా విన్నమాటే. కొంగు కింద వేళ్లు పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి, గుట్టు మాత్రం అక్కడే ఉంది.

ఆ చేలల్లో ఇప్పుడు నడుస్తున్న మాటలను ఎవరైనా రాసిపెట్టాలి. పలుగురాయి ముక్కనూ అసలు రాయినీ ఒక్క చూపులో వేరుచేసేవాళ్లు ఆ తేడాకు ఏ మాట వాడతారు? రత్నశాస్త్ర గ్రంథాల్లో లోపం పేరైన కాకపాదం వాళ్ల నోట ఏ రూపంలో ఉంది, అసలు ఉందా? మంచి నేలకు, వట్టి నేలకు, ఉత్తచేతులతో ఇంటికి పోయిన రోజుకు ఏమంటారు? వేరే జిల్లా నుంచి వచ్చినవాడి మాట, జొన్నగిరి మనిషి మాట ఎక్కడ కలుస్తాయి? బ్రౌన్ అయితే ఇద్దరు రాయసగాళ్లను వెంటబెట్టి పంపేవాడు. కర్నూలు, కడప విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో పరిశోధన అంశం కోసం వెతుక్కునే పిల్లలున్నారు. తుగ్గలికి కర్నూలు నుంచి బస్సుంది, పని మొదలుపెట్టడానికి వచ్చే తొలకరి చాలు.